కొత్త కీబోర్డు కొనే ముందు స్టేజీకి కరెంటు ఎలా వస్తోందో చూడండి

రాజోలు వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. పగలు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తారు, పండగల రోజుల్లో ఆర్కెస్ట్రాతో కీబోర్డు వాయిస్తారు. వాయిద్యం కొని నాలుగేళ్లయింది. ఈ మధ్య స్టేజీ మీద గుయ్యిమని హోరు వస్తోంది, ఇంట్లో వాయిస్తే రాదు. పై మెట్లలో మూడు ఒక్కోసారి పలకవు, ఒక్కోసారి ఉన్నట్టుండి గట్టిగా అరుస్తాయి. మొన్న ఒక ఊళ్లో కోరస్ అందుకోవడానికి మైకు మీదకు వంగితే పెదవికి చురుక్కుమంది. చేతిలో 35 వేలున్నాయి, ఏ కీబోర్డు కొనమంటారు అని అడిగారు.

ఇప్పుడు ఏదీ కొనకండి తమ్ముడూ. మీరు చెప్పిన మూడు ఇబ్బందుల్లో ఒక్కటి కూడా కొత్త కీబోర్డుతో పోదు. హోరు మీకూ మైకుసెట్టుకూ మధ్య ఉన్న వైర్లలో పుడుతోంది. మెట్లు పలకకపోవడానికి కారణం మన గాలిలోని తడి, ఉప్పు, దుమ్ము. పెదవికి చురుక్కుమన్నది మాత్రం వీటితో కలిపి చెప్పాల్సిన సంగతి కాదు. అది పందిట్లో కరెంటు సరిగా లేదన్న గుర్తు. దాని సంగతి తేలేవరకు మీరు మైకు దగ్గర నోరు పెట్టొద్దు.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 26 ఏళ్లుగా రాత్రిళ్లు వాయిస్తున్నాను. మొదట పద్యనాటకాలకు హార్మోనియం, ఆ తర్వాత ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు. అమలాపురం, పి.గన్నవరం, సఖినేటిపల్లి, పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) దాటితే నరసాపురం, పాలకొల్లు, భీమవరం, ఇదీ నా తిరుగుడు. ఈ ఊళ్ల పందిళ్లలో నేర్చుకున్నదే రాస్తున్నాను.

ముందు షాకు సంగతి

పదకొండేళ్ల కింద, కార్తీక మాసం. ఒక లంక గ్రామంలో గుడి ముందు కచేరీ. సాయంత్రం వాన పడి ఆగింది. నేల మీద బల్లలు వేసి, మీద తివాసీ పరిచారు. తివాసీ కింద తడి అలాగే ఉంది. గుడి ఆవరణ కాబట్టి అందరం చెప్పులు విప్పేశాం. మా గాయకుడు రెండో పాట చరణంలో మైకు స్టాండు నుంచి మైకు తీయబోయాడు. పాట ఆగిపోయింది. అతను మైకు వదలడం లేదు, నోరు తెరిచే ఉంది, మాట లేదు. అభినయమేమో అని జనం చప్పట్లు కొట్టారు. ప్యాడ్స్ వాయించే కుర్రాడికి ముందు అర్థమైంది. అతను మనిషిని ముట్టుకోకుండా పరిగెత్తి వెళ్లి జంక్షన్ బాక్సు ప్లగ్గు పీకేశాడు. మా గాయకుడు బతికాడు. అరచేయి కాలింది, ఆరు నెలల దాకా పాడలేదు. ఆ కుర్రాడు కంగారులో మనిషిని పట్టుకుని లాగి ఉంటే ఇద్దరూ పోయేవాళ్లు. ఇది ప్రతి బృందంలో ప్రతి ఒక్కరికీ తెలిసుండాలి: ఎవరికైనా కరెంటు పట్టుకుంటే ముందు ప్లగ్గు పీకాలి, లేదా మెయిన్ ఆపాలి. మనిషి మీద చెయ్యి వేయకూడదు.

ఆ రోజు తప్పు ఎక్కడుందో తర్వాత విప్పి చూశాం. ఆంప్లిఫయర్‌లో ఒక వైరు తొడుగు ఒలిచిపోయి ఇనప డబ్బాకు తగులుతోంది. అందులో పెద్ద వింత లేదు, పాత సామానులో అలాంటివి జరుగుతాయి. ఎర్తు ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోయేది. కానీ స్తంభం నుంచి స్టేజీకి వేసిన వైరులో ఉన్నవి రెండే తీగలు. జంక్షన్ బాక్సులో సాకెట్లకు మాత్రం మూడేసి రంధ్రాలు! మూడో రంధ్రం వెనకాల ఏమీ లేదు. దాంతో కరెంటు ఆంప్లిఫయర్ డబ్బాలోంచి మిక్సర్‌కు, మిక్సర్‌లోంచి మైకు వైరు పైనుండే జల్లెడ తీగ ద్వారా మైకు తలకు వచ్చి కూర్చుంది. తడి నేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషి కోసం కాచుకుని ఉంది.

మన వైపు పందిళ్లలో ఈ రెండు తీగల వైరు ఇప్పటికీ చాలాచోట్ల చూస్తున్నాను. మీరు వెళ్లిన ఊళ్లో కూడా ఇదే అయి ఉండవచ్చు.

కరెంటు పది పదిహేను మిల్లీయాంపులు దాటితే చేతి కండరాలు బిగుసుకుపోతాయి. మనిషి వదలాలనుకున్నా వదలలేడు. అందుకే మనుషుల రక్షణకు పెట్టే ఆర్సీసీబీ 30 మిల్లీయాంపులది ఉంటుంది. కొత్త ఇళ్ల మీటరు బోర్డుల్లో చిన్న టెస్ట్ బటన్‌తో కనిపించేది అదే. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ చూస్తూ ఉంటుంది. 30 మిల్లీయాంపుల తేడా కనబడితే, అంటే ఎవరి ఒంట్లోంచో భూమిలోకి పోతోందంటే, 0.3 సెకనులోపే లైను కట్ చేస్తుంది. ఎర్తు లేని పందిట్లో కూడా పనిచేస్తుంది. చురుక్కుమనడం మాత్రం ఆపలేదు, ప్రాణం పోకుండా ఆపుతుంది.

నాకు మా ఇంటి వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ ఒక పెట్టె కట్టిచ్చాడు. ప్లాస్టిక్ డబ్బా, అందులో 25 ఆంపుల ఆర్సీసీబీ, లోడు ఎక్కువైతే కట్ చేసే 10 ఆంపుల ఎంసీబీ, వోల్టేజీ హద్దు దాటితే కట్ చేసే చిన్న ప్రొటెక్టరు, నాలుగు సాకెట్లు, 10 మీటర్ల మూడు తీగల వైరు. అంతా కలిపి నాకు ఐదు వేల లోపే అయింది. కచేరీకి వెళ్లగానే మొదటి పని దాని టెస్ట్ బటన్ నొక్కడం. నొక్కగానే మీట పడి లైను కట్ కాకపోతే ఆ రోజు దాన్ని నమ్మను.

ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటుంది. ఆ పెట్టెలోంచి కరెంటు తీసుకున్న సామానుకే దాని కాపలా. మీ కీబోర్డు ఒక్కటి అందులో పెట్టి, మైకుసెట్టు అంతా బయటి లైను మీద నడిస్తే, మైకులో వచ్చే షాకును మీ పెట్టె ఆపలేదు. మీ పెదవికి తగిలింది మిక్సర్ వైపు నుంచి వచ్చిన కరెంటే అయి ఉండవచ్చు. కాబట్టి అసలు పరిష్కారం మైకుసెట్టు వాళ్ల మెయిన్ బోర్డులోనే 40 ఆంపులు మోసే, 30 మిల్లీయాంపుల లీకేజీకే పడే ఆర్సీసీబీ పెట్టించడం. మేం మా మైకుసెట్టు ఆయనతో మాట్లాడి, ఖర్చు సగం బృందం భరించి పెట్టించాం. మొదట్లో ఆయన ఒప్పుకోలేదు. పాట మధ్యలో పడిపోతే ఊళ్లో మాట పడాలి అన్నారు. నిజంగానే మొదటి సీజనులో రెండుసార్లు పడింది. రెండుసార్లూ విప్పి చూస్తే ఎక్కడో తడిసిన జాయింటు కనబడింది. ఆ తర్వాత ఇక ఆయనే ఆ బోర్డు లేకుండా బండి ఎక్కించడం మానేశారు.

అలాంటి బోర్డు లేని మైకుసెట్టు దగ్గర వాయించాల్సి వస్తే నేను చేసేది ఇది. ఒక మల్టీమీటరు సంచిలో ఉంటుంది. ఏసీ వోల్టేజీ 750 మీద పెట్టి, ఒక మొన మైకు జాలీకి, రెండోది తడి నేలలో గుచ్చిన ఇనప మేకుకు ఆనిస్తాను. తర్వాత మైకుకూ నా కీబోర్డు జాకు లోహానికీ మధ్య చూస్తాను. నాలుగైదు వోల్టులైతే సరే. యాభై, వంద చూపిస్తే ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఎవరినీ మైకు ముట్టుకోనివ్వను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రెండు పిన్నుల అడాప్టర్లు మంచివైనా కొద్దిగా లీకవుతాయి, మీటరు వంద దాకా చూపించవచ్చు, చేతికి చీమ పాకినట్టు ఉంటుంది. ఆ లీకేజీ మిల్లీయాంపు కూడా ఉండదు, దాంతో ప్రాణం పోదు. కానీ చీమ పాకడానికీ చంపే కరెంటుకూ తేడా వేలితో తేల్చుకునే ప్రయత్నం చేయకండి. ‘చిన్న షాకే’ అని ఎవరైనా నవ్వేస్తే వినకండి.

మైకు తలకు ఫోము తొడుగు వేయించండి, లోహం పెదవికి తగలదు. గుడి ముందు చెప్పులు వేసుకోలేం కాబట్టి కాళ్ల కింద వేసుకోవడానికి ఒక రబ్బరు చాప తీసుకెళ్లండి. ఇవి అదనపు జాగ్రత్తలే, బోర్డుకు బదులు కావు.

జనరేటరు మీద నడిచే కచేరీలైతే ఇంకో చిక్కు. చిన్న జనరేటర్లలో న్యూట్రల్‌ను ఎర్తుకు కలపరు. అలా కలపనప్పుడు ఆర్సీసీబీ లీకేజీని పట్టుకోలేకపోవచ్చు. జనరేటరు తెచ్చినవాళ్లను ఎర్తు కడ్డీ దింపారా, న్యూట్రల్ కలిపారా అని అడగండి. వాళ్లకు తెలియకపోతే ఊరి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించమని కమిటీ పెద్దలకు చెప్పండి. కచేరీ ఒప్పుకునేటప్పుడే, సంచకారం తీసుకునే ముందే ఈ మాట చెబితే గొడవ ఉండదు. స్టేజీ ఎక్కాక చెబితే ఎవరూ వినరు.

వోల్టేజీ ప్రొటెక్టరు ఎందుకంటారా. పందిళ్లకు మూడు ఫేజుల లైను తీసుకుని, లైట్లు ఒక ఫేజు మీద, మైకు ఒక ఫేజు మీద వేస్తారు. ఎక్కడో న్యూట్రల్ ఊడిందనుకోండి, ఒక ఫేజు మీద సామానుకు 230 బదులు 400 దాకా వచ్చేస్తుంది. ఒకసారి ఉగాది కచేరీలో నా అడాప్టరు అలాగే టప్పున పేలింది. అడాప్టరు పోయి కీబోర్డు మిగిలింది. పక్కన గిటారు వాయించే అతని ప్రాసెసర్ మిగల్లేదు. భీమవరం, ఆకివీడు వైపు చేపల చెరువుల ఊళ్లలో దీనికి తలకిందుల ఇబ్బంది చూశాను. రాత్రి చెరువుల్లో ఏరియేటర్లు తిప్పే వేళకు వోల్టేజీ పడిపోయి కీబోర్డు దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యేది. అలాంటి చోటికి కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ తీసుకెళ్తాను. కీబోర్డుకు పట్టే కరెంటు చాలా తక్కువ కాబట్టి అది హాయిగా మోస్తుంది.

ఇక గుయ్యిమనే హోరు

ఇంట్లో రాదు, స్టేజీ మీదే వస్తుంది అన్నారు కాబట్టి కీబోర్డు బాగానే ఉన్నట్టు. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటు వెళ్లి ఇటు తిరిగొస్తుంది, ఆ 50, దాని రెట్టింపు 100 కలిసిందే మీరు వినే ‘గుయ్’. అది మీ వైరులోకి ఎలా దూరుతోందో పట్టుకోవాలి.

తేలిక పరీక్ష ఒకటి చెబుతాను. మీ కీబోర్డుకు బ్యాటరీ సెల్లుల అర ఉంటే, సెల్లులు వేసి అడాప్టరు పీకేసి అదే స్టేజీ మీద వాయించండి. హోరు పోతే అది అడాప్టరు, ఎర్తు దారిలో వస్తోంది. పోకపోతే మీ నుంచి మిక్సర్‌కు వెళ్లే వైరు మీద పడుతోంది. పాటల ట్రాకుల కోసం ఫోను కలిపి, దాన్ని చార్జింగులో కూడా పెడుతుంటే ముందు ఆ చార్జరు పీకి చూడండి. నేను చూసిన హోర్లలో చాలావాటికి అదే మూలం.

కీబోర్డు నుంచి వచ్చే మామూలు జాకు వైరులో ఒక తీగ మీద శబ్దం, చుట్టూ జల్లెడ తీగ ఉంటాయి. అది ఐదారు మీటర్ల వరకు పరవాలేదు. మన పందిళ్లలో మిక్సర్ ఎక్కడో చెట్టు కింద 20 మీటర్ల దూరంలో పెడతారు. ఆ వైరు సీరియల్ బల్బుల వైర్లతో కలిసి, వాటితో చుట్ట చుట్టుకుని వెళ్తుంది. దారి పొడుగునా హోరును పోగుచేసుకుంటూ పోతుంది. దీనికి మందు డీఐ బాక్సు. అరచేతిలో పట్టే ఇనప డబ్బా, లోపల చిన్న ట్రాన్స్‌ఫార్మర్. కీబోర్డు పక్కనే పెట్టి పొట్టి జాకు వైరుతో దానికి కలుపుతాం. అక్కడి నుంచి మైకుకు వాడే మూడు పిన్నుల వైరులో మిక్సర్‌కు వెళ్తుంది. ఆ వైరులో మన శబ్దం రెండు తీగల మీద ఒకదానికొకటి ఎదురుగా ప్రయాణిస్తుంది. దారిలో పడే హోరు మాత్రం రెండింటి మీదా ఒకేలా పడుతుంది. మిక్సర్ ఒకదాంట్లోంచి ఒకటి తీసివేస్తే హోరు సున్నా అవుతుంది, శబ్దం రెట్టింపవుతుంది. పిల్లలకు తీసివేత చెప్పేటప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది.

మీకు ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న, కరెంటు అక్కర్లేని రకం చాలు. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అని ఒక మీట ఉంటుంది. మీ ఎర్తూ మిక్సర్ ఎర్తూ వేర్వేరు చోట్ల ఉన్నప్పుడు రెండింటి మధ్య వైరు జల్లెడలో కరెంటు తిరిగి హోరు పుడుతుంది. ఆ మీట నొక్కితే ఆ దారి తెగిపోతుంది. హోరు పోవడానికి ప్లగ్గు ఎర్తు పిన్ను విరగ్గొట్టడం, ఎర్తు వైరు పీకేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. కొందరు సీనియర్లు ఇదే చిట్కాగా చెబుతారు. హోరు పోతుంది నిజమే, దాంతోపాటు రక్షణ కూడా పోతుంది. నేను పైన రాసిన మా గాయకుడి కథ ఆ చిట్కాకు ఒక అడుగు దూరంలోనే ఉంది.

సీరియల్ లైట్ల లైను, మైకు లైను విడిగా వేయమని అడగండి. వైర్లు ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పొడుగునా పరవకండి.

ఇంకొకటి, మీది ఏ మోడలో రాయలేదు కానీ, చాలా 61 మెట్ల కీబోర్డులకు వెనకాల ఒకే ఒక్క రంధ్రం ఉంటుంది, హెడ్‌ఫోనుకూ బయటి స్పీకరుకూ అదే. అది స్టీరియో రంధ్రం. అందులో మోనో జాకు గుచ్చితే కుడివైపు శబ్దం నేరుగా జల్లెడ తీగకు తగిలిపోతుంది. సగం వాయిద్యాలు వినిపించవు, లోపలి ఆంప్లిఫయరుకూ మంచిది కాదు. పోనీ అని స్టీరియో జాకు వైరు తీసుకెళ్లి మిక్సర్‌లోని ఒక్క లైనుకు గుచ్చితే ఇంకా చోద్యం: మిక్సర్ రెండింటినీ తీసివేసేసి, నడిమధ్యన ఉండే స్వరాన్ని మాయం చేస్తుంది. గాజుల గలగల వినిపిస్తుంది, పాట వినిపించదు. ఒక స్టీరియో జాకు నుంచి రెండు మోనో జాకులుగా విడిపోయే వై వైరు కొనండి, రెండు లైన్లూ మిక్సర్‌కు ఇవ్వండి. మైకుసెట్టు వాళ్లు ఒకే లైను ఇస్తానంటే ఎడమది ఒక్కటే ఇవ్వండి, వాయిద్యాల పాన్, అంటే శబ్దాన్ని ఎడమకూ కుడికీ పంచే అమరిక, మధ్యకు తెచ్చుకోండి.

మెట్లు పలకకపోవడం

దీన్ని గురించి నాకు చెప్పాలని ఎక్కువ ఉంది, ఎందుకంటే కోనసీమలో వాయిద్యాల్ని ఇదే తినేస్తోంది.

ప్రతి మెట్టు కింద రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ లోపల చిన్న నల్ల చుక్కలు, కింద బోర్డు మీద కార్బను పూత. మెట్టు నొక్కినప్పుడు చుక్క పూతకు ఆని శబ్దం మొదలవుతుంది. మెత్తగా నొక్కారా గట్టిగానా అని తెలుసుకోవడానికి ప్రతి మెట్టుకూ రెండు చుక్కలుంటాయి, ఒకటి ముందు తగులుతుంది, ఒకటి వెనక. ఆ రెండింటి మధ్య ఎంత సమయం పట్టిందన్నదే కీబోర్డు కొలిచేది. తక్కువ సమయం పడితే గట్టిగా కొట్టినట్టు లెక్క. ఇప్పుడు మొదటి చుక్క కింద మట్టి పేరుకుందనుకోండి, అది ఆలస్యంగా తగులుతుంది, రెండింటి మధ్య సమయం తగ్గిపోతుంది, మీరు మెత్తగా నొక్కినా గట్టిగా అరుస్తుంది. మీ మెట్లు ఒక్కోసారి పలకవు, ఒక్కోసారి అరుస్తాయి అన్నారు చూడండి, సరిగ్గా ఇదే.

బాగుచేయడం తేలికే, ఓపిక కావాలి. అడాప్టరు, సెల్లులు తీసేసి, మెత్తని దుప్పటి మీద బోర్లించి మరలు విప్పాలి. ప్రతి మెట్టు విప్పేముందు ఫోటో తీసుకోండి. మరలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే వెళ్లాలి, పొడుగు తేడాలుంటాయి. రబ్బరు పట్టీలు జాగ్రత్తగా లేపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కొద్దిగా తడిపిన, నూలు ఊడని గుడ్డతో బోర్డు పూతనూ చుక్కలనూ తేలిగ్గా తుడవాలి. రుద్దకూడదు, పూత లేచిపోతే ఇక బోర్డు మార్చాల్సిందే. పూర్తిగా ఆరాక బిగించాలి. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు అందులో కొట్టకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. మీకు చేతి పనిలో నమ్మకం లేకపోతే రాజమండ్రిలోనో భీమవరంలోనో వాయిద్యాలు బాగుచేసేవాళ్లకు ఇవ్వండి. నా మొదటి కీబోర్డు నేనే విప్పి ఒక రిబ్బను తెంపేశాను, తర్వాత నేర్చుకున్నాను.

బాగుచేశాక అదే మట్టి మళ్లీ చేరకుండా చూసుకోవడమే అసలు పని. సార్వా వరి కోతకొచ్చే రోజుల్లో, అంటే దసరా దాటి కార్తీకం దాకా, చేల పక్కన స్టేజీ వేస్తే లైటు వెలగగానే సుడిదోమ మేఘంలా వచ్చి పడుతుంది. అది మెట్ల సందుల్లోకి జారి లోపలే చస్తుంది. తెల్లటి ఫోకస్ లైటు మీ మీదకు కాకుండా స్టేజీ ముందు కాస్త దూరంలో కట్టమని అడగండి, పురుగు అటు పోతుంది. పాటకూ పాటకూ మధ్య, మాటలు నడిచేటప్పుడు మెట్ల మీద పలుచటి నూలుగుడ్డ కప్పండి.

సంక్రాంతి రోజుల్లో ఇబ్బంది మంచుది. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం, ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటా రాత్రంతా కార్యక్రమాలు. రెండు దాటాక మంచు కురిసి కీబోర్డు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత తడి. తలమీద టార్పాలిన్ లేని స్టేజీ మీద ఆ వేళ వాయించకండి. అంతర్వేది కల్యాణం రోజుల్లో సముద్రపు గాలి తడి ఒకవైపు, ఉప్పు ఇంకోవైపు. అక్కడి నుంచి వచ్చిన రాత్రే వాయిద్యాన్ని పైపైన పొడిగుడ్డతో తుడిచి పెట్టాలి. జాకు రంధ్రాల్లో నెలకోసారి కాంటాక్ట్ క్లీనర్ చుక్క వేయండి.

ఏసీ కారులో చల్లబడ్డ కీబోర్డును ఉక్కలోకి దించి వెంటనే స్విచ్చి వేయకండి. చల్లటి గ్లాసుకు చెమట పట్టినట్టు లోపలి బోర్డుకు పడుతుంది. అరగంట సంచిలోనే ఉంచి తర్వాత తీయండి. ఇంట్లో ప్లాస్టిక్ కవరు కట్టి పెట్టకండి, లోపలి తడి లోపలే ఉండిపోతుంది. నూలు తొడుగు, సంచిలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు. అవి తడి పీల్చుకున్నాక బట్ట సంచీలోంచి గింజలు మూకుట్లో పోసి సన్నసెగ మీద వేడిచేస్తే మళ్లీ పనికొస్తాయి. మా హార్మోనియం గురువుగారు తన పెట్టెను వానాకాలమంతా వంటింటి గోడకు ఆనించి, నేలకు జానెడు ఎత్తున బల్ల మీద పెట్టేవారు. పొయ్యి వేడికి చెక్క ఉబ్బేది కాదు, ఇత్తడి రీడ్లకు పచ్చ పట్టేది కాదు. ఆ పెట్టె ఇప్పుడు నా దగ్గరుంది. దానిలో ఒక్క రీడు కూడా మార్చలేదు.

ఎలుకలు వైర్లు కొరుకుతాయి, వైర్లు మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

సంచి, అడాప్టరు, మిగతావి

బైకు మీద మోస్తారనుకుంటాను. రెండు భుజాలకూ తగిలించుకునే, లోపల మందపాటి స్పాంజి ఉన్న సంచి కొనండి, మీద వానకు ప్లాస్టిక్ తొడుగు వేరే. పంటు మీద దాటేటప్పుడు కీబోర్డును డెక్కు మీద పరచకండి, అక్కడ ఎప్పుడూ నీళ్లుంటాయి, ఇంజను అదురు నేరుగా తగులుతుంది. భుజానే ఉంచుకోండి.

అడాప్టరు రెండోది తప్పకుండా ఉండాలి, అదీ కంపెనీదే. యమహా చిన్న కీబోర్డులు ఎక్కువగా 12 వోల్టులవి, కాసియోవి చాలావరకు 9.5 వోల్టులవి. పిన్ను లోపలికి పడుతుంది కదా అని పక్కవాళ్లది గుచ్చితే బోర్డు పోవచ్చు. వోల్టులతోపాటు పిన్ను మధ్యలో ప్లస్సా మైనసా అన్న బొమ్మ కీబోర్డు వెనకా అడాప్టరు మీదా ఒకేలా ఉందో లేదో చూడండి.

గాయకుల శ్రుతులు ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి, ఎవరు ఏ పాట ఎన్నో శ్రుతిలో పాడతారో. ‘అర తగ్గించండి’ అని అప్పటికప్పుడు అడుగుతారు, మీరు శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజు బటన్ నొక్కుతారు, తర్వాతి పాటకు దాన్ని తిరిగి సున్నాకు తేవడం మరిచిపోతారు. పాడే ఆవిడ నాలుగు శ్రుతిలో అందుకుంటుంది, మీరు మూడున వాయిస్తారు, నిందంతా ఆవిడ మీద పడుతుంది. ప్రతి పాట ముందు ఆ అంకె మీద కన్ను వేయడం అలవాటు చేసుకోండి. అలాంటి నింద ఒక అమ్మాయి మీద నా వల్ల పడింది, కచేరీ అయ్యాక మైకులోనే క్షమాపణ చెప్పాను.

చెవుల్ని కూడా చూసుకోండి. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు వింటే చెవికి ఎంత దెబ్బో, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ అంతే దెబ్బ తగలడానికి పట్టే సమయం సగమవుతుంది. బాక్సుల ముందు నిలబడి వాయించే మనకు గంట కూడా ఎక్కువే. మెత్తటి ఇయర్ ప్లగ్గులు మందుల షాపుల్లో దొరుకుతాయి. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, పండగలకు ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. మైకు పర్మిషన్ కాగితం కమిటీ దగ్గర ఉందా అని ముందే అడిగితే స్టేజీ మీద సామాను సర్దుకుంటూ పోలీసులతో మాట్లాడే అవసరం రాదు.

మీ 35 వేలు

నేనైతే ఇలా ఖర్చు పెడతాను. కరెంటు పెట్టె ఐదు వేలు, మల్టీమీటరు, సాకెట్ టెస్టరు కలిపి వెయ్యి. ఆ టెస్టరు ప్లగ్గులా గుచ్చితే లైట్ల వెలుగును బట్టి ఎర్తు ఉందో లేదో చెబుతుంది. రెండు డీఐ బాక్సులు, లేదా రెండు లైన్లున్నది ఒకటి, నాలుగైదు వేలు. మూడు పిన్నుల వైర్లు రెండు, వై వైరు ఒకటి, రెండు వేలు. రెండో అడాప్టరు, సంచి, మెట్ల శుభ్రం కలిపి ఐదారు వేలు. అంతా కలిపి 17 నుంచి 19 వేలు. మిగతాది బ్యాంకులో వేయండి. మీ బృందం మైకుసెట్టు బోర్డుకు ఖర్చు పంచుకుంటానంటే అందులోంచి మీ వాటా ఇవ్వండి, దానికంటే మంచి ఖర్చు లేదు.

కొత్త కీబోర్డు ఎప్పుడు కొనాలంటే, శుభ్రం చేశాక కూడా మెట్లు పలకకపోతే, లేదా మీ బృందం పాడే పాటలకు కావలసిన వాయిద్యాలు ఇందులో లేవని మీ చెవికే తెలిసినప్పుడు. అప్పటికి ఈ పెట్టె, బాక్సులు, వైర్లు అన్నీ కొత్తదానికి కూడా పనికొస్తాయి.

మీ తర్వాతి కచేరీ ఎక్కడో రాయలేదు. అక్కడికి వెళ్లేటప్పుడు సెల్లులు, మల్టీమీటరు తీసుకెళ్లండి. సెల్లుల మీద హోరు పోయిందో లేదో, మైకు జాలీకీ నేలకూ మధ్య ఎంత చూపించిందో రాయండి, వైరులో రెండు తీగలున్నాయో మూడున్నాయో కూడా. పాటలు మొదలయ్యే ముందే కొలవండి, పాడేవాళ్లను అప్పటిదాకా మైకు ముట్టుకోవద్దనండి.